ఉభయకుశలోపరి

పాతవస్తువులపై మక్కువ మరల పెరుగుచున్నది. గ్రామఫోను రికార్డులు, సిరాకలములు, కీ యిచ్చెడి గడియారములు అలంకారములై యిండ్లకు తిరిగివచ్చుచున్నవి. ఇంటర్నెట్టు లేని దినములలో బ్రతుకు సులభముగా నుండెడిదని పలువురు నిట్టూర్చుచున్నారు. ఆ సౌలభ్యమునకు మొదటి సాక్షిగా పిలువబడునది ఉత్తరము. ఆ సాక్షి యేమి చెప్పునో కొంత విచారింపదగును.

ఉత్తరము సామాన్యుని చేతికి వచ్చి యెన్నో తరములు కాలేదు. 1854 నాటి చట్టమునకు పూర్వము దూరమునుబట్టి రుసుము హెచ్చుచుండెను. ఆ సంవత్సరమున దూరముతో నిమిత్తము లేని అర్ధణా రేటు వచ్చినది. 1879లో పావు అణా పోస్టుకార్డు వెలువడి, తెలుగునాట ‘కార్డుముక్క’ యైనది. హైదరాబాదు సంస్థానపు తపాలా వేరుగానుండి, 1950లో భారత తపాలాశాఖయందు కలిసిపోయినది. ఇన్‌లాండు లెటరు పుట్టినదియు ఆ యేటనే. కార్డునకు లేని మరుగు, కవరుకంటె తక్కువ వెల దానియందుండుటచేత దూరదేశమున కొలువుచేయువారికి అది ప్రాణసమానమైనది.

ఢిల్లీ కొలువునకు వచ్చిన తెలుగువాడు నెల మొదటివారమున ఊరికి మనియార్డరు కట్టెడివాడు. ఫారము అడుగున నున్న కొద్దిచోటులో పిల్లల జ్వరము, సెలవు దొరకని సంగతి ఇరికించెడివాడు. కొన్ని దినములకు రసీదు తిరిగివచ్చెడిది. దానిపై తల్లి వేలిముద్ర కనబడినచో ఆమె క్షేమముగా నున్నట్లే లెక్క. అంతకుమించిన వార్త అక్కరలేదు.

అయితే ఆ వేలిముద్ర వేరొక సంగతియు చెప్పుచున్నది. చదువురాని తల్లికి కొడుకు ఉత్తరమును చదివిపెట్టువాడు తపాలాబంట్రోతో, పొరుగింటి పిల్లవాడో. కోడలిపై చెప్పదలచిన మాటయైనను, అప్పు సంగతియైనను పరుని నోటిగుండ, పరుని చేతిగుండ సాగవలసినదే. దీనిని నిరాడంబర జీవితమనుట సాహసము.

సంబోధనల మాట యింకను విచిత్రము. పెద్దలకు ‘మహారాజశ్రీ’, పిన్నలకు ‘చిరంజీవి’, సువాసినులకు ‘మహాలక్ష్మీ సమానురాలైన’. భర్త గతించిన నాటినుండి అదే స్త్రీ ‘గంగాభాగీరథీ సమానురాలు’. పదము పవిత్రమే, కాని ఉత్తరము విప్పిన ప్రతిపర్యాయము మొదటి పంక్తియే ఆమెకు వైధవ్యమును జ్ఞాపకము చేసెడిది. ఈ మర్యాద మరుగునపడినందుకు చింతింప నవసరము లేదు.

ఉత్తరము వెనుక నున్న శ్రమయు తక్కువది కాదు. రైల్వేమెయిలు ఉద్యోగులు కదలుచున్న బండిలో రాత్రులు నిలువుకాళ్ళపై ఉత్తరములు వేరుచేసెడివారు. 1972లో పిన్‌కోడు వచ్చువరకు, ఒకే పేరుగల అనేక గ్రామములలో ఏది యే జిల్లాదో వారి జ్ఞాపకశక్తియే తేల్చవలసియుండెను. ఇక టెలిగ్రాము పేరు వినగానే, తెరువకముందే ఇంటిలో ఏడ్పులు మొదలిడెడివి. 2013 జూలైలో ఆ సేవ ముగిసిన దినమున దానికై బారులుతీరిన జనము ఆ భయమును మరచి, జ్ఞాపికకొరకు తంతులు పంపుకొనిరి.

ఇంత చెప్పినను ఉత్తరమునకు గల ఒక్క గుణమును కాదనరాదు: అది నిలిచియుండెడిది. గురజాడవారి లేఖలు మిగిలియుండుటచేతనే ఆయన ఆలోచనలు నేటికి మనకు తెలియుచున్నవి. సామాన్యుల లేఖలను అచ్చువేయువారు లేరు. అవి దూలమునకు వ్రేలాడు ఇనుపతీగకు గ్రుచ్చబడి యుండెడివి; క్రొత్తది పైకి, పాతది అడుగునకు. ఒక గుమాస్తా కుటుంబపు నలువదియేండ్ల చరిత్ర ఆ తీగపై వరుస తప్పక నిలిచెడిది. ఇల్లు పడగొట్టి క్రొత్తది కట్టునపుడు మొదట పారవేయబడునది ఆ తీగయే. గ్రామఫోను మాత్రము తుడువబడి ముందుగదికి చేరుచున్నది.

ఢిల్లీలోని తెలుగు ఇండ్లలో ఇంకను కొన్ని తీగలు, కొన్ని ట్రంకుపెట్టెలు మిగిలియున్నవి. వానియందు బియ్యపు ధర, ఆవు ఈనిన వార్త, పెండ్లిసంబంధముల బేరము, ఎన్నడును మంజూరుకాని సెలవు, అన్నియు ఉభయకుశలోపరి అనుమాట క్రిందనే యున్నవి. సిరా వెలిసిపోవుచున్నది. ఆ చేవ్రాతలను, ఆ పొడిమాటలను పోల్చి చదువగల పెద్దలు ఇంకను కొందరున్నారు.