తులసీదాస్ బలరాం: 27 ఏళ్లకే ఆటకు దూరమైన ఒలింపియన్.. అప్పుడేం జరిగింది? ఇప్పుడేం మారింది?

ఎలమంచిలి: సాయంత్రమైతే చాలు, మన ఎలమంచిలి కుర్రాళ్ల చేతుల్లో బ్యాటే కనిపిస్తుంది. ఫుట్‌బాల్ అంటే మెస్సీ, రొనాల్డో పేర్లు టక్కున చెప్పేస్తారు. తులసీదాస్ బలరాం అంటే మాత్రం ‘ఆయనెవరు?’ అంటారు. వాళ్ల తప్పేం లేదు. రెండు ఒలింపిక్స్ ఆడి, ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన ఈ సికింద్రాబాద్ ఆటగాడు మంచి ఫామ్‌లో ఉండగానే అనారోగ్యంతో ఆట మానేయాల్సి వచ్చింది.

ఇంతకీ ఎవరీ బలరాం?

1936 అక్టోబర్ 4న సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు. పేద కుటుంబం. ఆయన ఆటను గుర్తించింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, ఇండియా జట్టును తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. అమ్ముగూడ నుంచి ప్రాక్టీస్‌కు రావడానికి అద్దె సైకిల్ డబ్బులు కూడా రహీం సాబే ఇచ్చేవారని బలరాం గుర్తుచేసుకునేవారు.

1956లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో ఆడారు. అదే ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. అక్కడ భారత్ సెమీస్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మనకు అదే బెస్ట్.

తర్వాత కోల్‌కతా ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు వెళ్లి, వందకు పైగా గోల్స్ కొట్టారు. 1961లో ఆయన కెప్టెన్సీలోనే ఆ క్లబ్ తొమ్మిదేళ్ల తర్వాత కలకత్తా లీగ్ గెలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, పెరూ జట్లపై చెరో గోల్ కొట్టారు. హంగరీతో మ్యాచ్ మనం 1-2తో ఓడాం. ఆ హంగరీయే చివరికి కాంస్యం గెలిచింది. అంటే మనవాళ్లు ఎలాంటి జట్టుకు గట్టి పోటీ ఇచ్చారో అర్థం చేసుకోవచ్చు.

స్వర్ణం వచ్చిన ఏడాదికే..

1962 సెప్టెంబర్ 4. జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. దక్షిణ కొరియాపై 2-1తో భారత్ గెలిచింది. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం.. ఈ ముగ్గురి అటాక్ గురించి అప్పట్లో అంతా చెప్పుకునేవారు. బలరాంకు అదే ఏడాది అర్జున అవార్డు కూడా దక్కింది.

1963 మాత్రం కలిసిరాలేదు. జకార్తా నాటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం సాబ్ జూన్‌లో కన్నుమూశారు. ఊపిరితిత్తుల అనారోగ్యంతో బలరాం కూడా పోటీ ఆటకు దూరమయ్యారు. అప్పటికి ఆయనకు దాదాపు 27 ఏళ్లు. ఆటగాళ్లకు ఇప్పుడున్నట్టు స్పోర్ట్స్ మెడిసిన్ టీమ్‌లు, జీతమిచ్చే కాంట్రాక్టులు, బీమాలు అప్పట్లో ఎక్కడివి? ఒంట్లో బాగోలేకపోతే పక్కకు తప్పుకోవడమే.

చివరి రోజుల్లో ఆయన ఆడింది రైల్వే జట్టు బీఎన్ఆర్‌కు. అది సౌత్ ఈస్టర్న్ రైల్వే టీమ్. మన వాల్తేరు డివిజన్ కూడా అప్పట్లో ఆ రైల్వేలోనే ఉండేది. ఆ తర్వాత కోచ్‌గా, సెలెక్టర్‌గా పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. బెంగాల్‌లోని ఉత్తరపారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు. పీకే, చునీ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకు మాత్రం రాలేదు.

ఇప్పుడైతే ఏం జరుగుతుంది? అన్వర్ అలీ కేసు చూడండి

పంజాబ్ కుర్రాడు అన్వర్ అలీ డిఫెండర్. 2017 అండర్-17 వరల్డ్ కప్‌లో ఇండియాకు ఆడాడు. 2019లో వైద్య పరీక్షల్లో గుండె కండరం మందంగా మారే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి బయటపడింది. 2020లో అతన్ని ఆడించొద్దని జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య అప్పటి అతని క్లబ్‌కు చెప్పింది. అన్వర్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. వైద్య నిపుణుల అభిప్రాయాలు తీసుకున్నాక అతనికి ఆడే అవకాశం వచ్చింది. 2022 మార్చిలో సీనియర్ జట్టుకు తొలి మ్యాచ్ ఆడాడు. జూన్‌లో కోల్‌కతాలో హాంకాంగ్‌పై రెండో నిమిషంలోనే గోల్ కొట్టాడు. 2024లో చేరిన క్లబ్ ఏదో తెలుసా? ఒకప్పుడు బలరాం ఆడిన ఈస్ట్ బెంగాలే.

అలాగని ఈ జబ్బు ఉన్నవాళ్లందరూ ఆడొచ్చని కాదు. ఆడుతూ ఆడుతూ యువ క్రీడాకారులు హఠాత్తుగా చనిపోవడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. ఎవరు ఆడొచ్చు, ఎవరు ఆడకూడదు అన్నది ఒక్కొక్కరి పరీక్షలు చూసి గుండె డాక్టర్ చెప్పాల్సిన మాట.

తల్లిదండ్రులు, పీఈటీలు గమనించాల్సినవి

* ఆడేటప్పుడు కళ్లు తిరిగి పడిపోవడం
* ఛాతీలో నొప్పి, గుండె దడ
* తోటివాళ్ల కంటే బాగా ఎక్కువ ఆయాసం
* కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయి ఉండటం (ఈ జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది)

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ‘ఎండ దెబ్బలే’ అని వదిలేయొద్దు. ముందు ఆట ఆపించి, ఈసీజీ, ఎకో పరీక్షలు చేయించాలి. విశాఖ కేజీహెచ్‌లో కార్డియాలజీ విభాగం ఉంది.

బలరాంకు ఆట మానేయడం తప్ప వేరే దారి దొరకలేదు. ఇప్పుడు పరీక్షలున్నాయి, అడిగే హక్కు ఉంది. ముందుగా తెలుసుకోవడమే మన చేతుల్లో ఉన్న పని.