తడ నుంచి వెనక్కి వెళ్లలేని కార్లు

మద్రాసు నుంచి తడకు ట్రంకు రోడ్డు మీద డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1910 ప్రాంతంలో అమెరికాలో అమ్ముడైన మంచి విద్యుత్ కారు ఒకసారి చార్జి చేస్తే ఇంచుమించు అంత దూరమూ నడిచేది. కాస్త ఖరీదైన రకమైతే నూరు కిలోమీటర్లు కూడా దాటేది. అలాంటి కారులో మద్రాసులో బయల్దేరిన మనిషి సాయంత్రానికి తడ చేరగలడు గానీ, మర్నాడు వెనక్కి వెళ్లలేడు. తడలాంటి పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెల్లో ఆనాడు కరెంటు ఎక్కడిది? విద్యుత్ కారు తొలి చరిత్రను కొందరు బ్యాటరీ కథగా చెబుతారు, ఇంకొందరు పెట్రోలు ధర కథగా చెబుతారు. నేను దాన్ని ఊరికీ ఊరికీ మధ్య ఉన్న దూరం కథగా చదువుతాను. బండి ఎంత దూరం పోతుందనేది సగం ప్రశ్నే. చేరిన చోట దానికి మేత దొరుకుతుందా అనేది మిగతా సగం.

మోటారు ముందు పుట్టింది. దానికి తగిన బ్యాటరీ చాలా ఆలస్యంగా వచ్చింది. అమెరికాలోని వెర్మాంట్‌లో థామస్ డావెన్‌పోర్ట్ అనే కమ్మరి 1834లో విద్యుత్ మోటారు తయారుచేసి, దానితో చిన్న నమూనా బండిని గుండ్రటి పట్టాల మీద తిప్పాడు. 1835లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో సిబ్రాండస్ స్ట్రాటింగ్ అనే ఆచార్యుడు బల్ల మీద నడిచే చిన్న విద్యుత్ బండి చేశాడు. అదే దశాబ్దంలో స్కాట్లండ్‌లో రాబర్ట్ ఆండర్సన్ కూడా ఒక మోటు బండి నడిపాడంటారు. వీళ్లందరికీ ఉన్న అడ్డంకి ఒకటే. ఆ రోజుల బ్యాటరీ జింకును తిని కరెంటు ఇచ్చేది. జింకు పలక కరిగిపోతే మళ్లీ కొత్తది పెట్టాల్సిందే. అదే పని బొగ్గుతో, ఆవిరితో ఎంతో చవగ్గా అయిపోతుంటే జింకును ఎవరు తగలేస్తారు?

1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను గంధకామ్లంలో ముంచి, కరెంటు ఎక్కించి, మళ్లీ దించగలిగే బ్యాటరీని తయారుచేశాడు. 1881లో కామీ ఫోర్ ఆ సీసపు పలకలకు సీసం ఆక్సైడ్ ముద్ద పూసి దాని సామర్థ్యాన్ని బాగా పెంచాడు. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద కూర్చున్న బరువైన బ్యాటరీకి మూలపురుషులు వీళ్లిద్దరే. ఆ తర్వాత బండ్లు ఆగలేదు. అదే 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో గుస్తావ్ త్రువే మూడు చక్రాల బండి చూపించాడు. 1882లో లండన్‌లో ఎయిర్టన్, పెర్రీ మరొకటి నడిపారు. 1888లో జర్మనీలోని కోబుర్గ్‌లో ఆండ్రియాస్ ఫ్లోకెన్ నాలుగు చక్రాల బండి చేశాడు. అమెరికాలో విలియం మారిసన్ చేసిన బండి 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో జనాన్ని ఆకట్టుకుంది.

కానీ సీసం సీసమే. బాగా మెరుగుపడిన తర్వాత కూడా ఒక కిలో సీసపు బ్యాటరీలో దాచగలిగేది 30 వాట్ గంటల చుట్టుపక్కలే. తొలినాళ్లలో అంతకూడా లేదు. కిలో పెట్రోలులో దాదాపు 12,000 వాట్ గంటల శక్తి ఉంటుంది. ఇంజను అందులో అయిదింట నాలుగు వంతులు వేడిగా వృథా చేసినా, చక్రానికి చేరేది ఇంకా ఎంతో ఎక్కువ. కాబట్టి ఆనాటి ఇంజనీర్ల ముందు రెండు దారులున్నాయి. కరెంటును బండి మీద మోసుకుపోవడం ఒకటి. కరెంటు దగ్గరికే బండిని కట్టేయడం రెండోది.

రెండో దారిని మన దేశంలో అందరికంటే ముందు పట్టిన నగరం మద్రాసు. 1892లో పని మొదలైంది. 1895 మే 7న ట్రాము కదిలింది. దేశంలో అదే మొదటి విద్యుత్ ట్రాము. కలకత్తాలో విద్యుత్ ట్రాము 1902లో, బొంబాయిలో 1907లో వచ్చాయి. మద్రాసు ట్రాము తిరిగిన నాటికి లండన్ వీధుల్లో ఇంకా గుర్రాలే ట్రాములు లాగుతున్నాయి. ఈ సంగతి తెలుగువాళ్లు కూడా గుర్తుంచుకోవాలి. ఆ నగరం అప్పుడు మనదీ. నెల్లూరు, గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి చదువుకో, కోర్టు పనికో, వ్యాపారానికో వెళ్లినవాళ్లు మొదటిసారి చూసిన విద్యుత్ వాహనం అదే అయి ఉంటుంది. 1914లో ఆంధ్రపత్రిక మద్రాసుకు వచ్చి దినపత్రిక అయ్యేనాటికి ఆ నగరానికి ట్రాము గంట రోజూ వినిపించే చప్పుడైపోయింది.

మద్రాసు ట్రాములో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి ఆపే విషయం, మొదట్లో దానికి తలమీద తీగ లేకపోవడం. రెండు పట్టాల మధ్య నేలలో సన్నటి చీలిక ఉండేది. దాని కింద కాలువలాంటి గాడి, ఆ గాడిలో కరెంటు కడ్డీలు. బండి కింది నుంచి ఒక చేయి ఆ చీలికలోకి దిగి కరెంటును అందుకునేది. నగరం అందం పాడవకూడదని, తీగలు తెగి మనుషుల మీద పడకూడదని ఐరోపాలో కొన్ని నగరాలు ఎంచుకున్న పద్ధతి ఇది. అక్కడ సాగింది. ఇక్కడ ఈశాన్య రుతుపవనం వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మద్రాసు మీద, మన నెల్లూరు తీరం మీద పడే వానకు, నేలలో తవ్విన గాడి కాలువ కాక మరేమవుతుంది? కొన్నేళ్లకే ఆ పద్ధతిని వదిలేసి తీగలను స్తంభాల మీదికి ఎక్కించారు. ఊరి వాన ఎలా పడుతుందో చూడకుండా దిగుమతి చేసుకున్న యంత్రం ఏమవుతుందో అక్కడ తేలిపోయింది.

తీగ ఎక్కాక ట్రాము స్థిరపడింది. 1921 నాటికి 24 కిలోమీటర్ల పట్టాల మీద 97 బండ్లు తిరిగాయి. 1953 ఏప్రిల్ 12న ఆఖరి ట్రాము ఆగింది. అదే ఏడు అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. దాదాపు యాభై ఎనిమిదేళ్లపాటు ట్రాము నగరాన్ని మోసింది. కానీ ఎప్పుడూ నగరాన్ని దాటలేదు. తీగకున్న పరిమితి అదే. తీగ ఎక్కడ ఆగితే బండి అక్కడ ఆగుతుంది. తడ మీదుగా తీగ పోయింది చాలా తర్వాత. 1980 నాటికి మద్రాసు–విజయవాడ రైలు మార్గమంతా విద్యుదీకరణ అయింది. ఇప్పుడు చెన్నై నుంచి సూళ్లూరుపేట దాకా వచ్చే లోకల్ రైళ్లలో తడ జనం రోజూ ప్రయాణిస్తున్నారు.

మొదటి దారికి, అంటే కరెంటును మోసుకుపోయే బండ్లకు, మంచి రోజులు 1897 నుంచి 1912 దాకా నడిచాయి. 1897లో లండన్‌లో వాల్టర్ బెర్సీ విద్యుత్ టాక్సీలు నడిపాడు. ఒక్కో దాంట్లో బ్యాటరీ బరువే దాదాపు 700 కిలోలు. అది అయిపోతే డిపోలో యంత్రంతో ఎత్తి మరొకటి పెట్టేవాళ్లు. రోడ్ల కుదుపులకు బ్యాటరీ పలకలు, ఆ బరువుకు టైర్లు పాడైపోయి, రెండేళ్లలో టాక్సీలు మూలపడ్డాయి. న్యూయార్క్‌లోనూ అదే ఏడు విద్యుత్ టాక్సీలు దిగాయి. అక్కడ బ్యాటరీలు మార్చే పెద్ద షెడ్డే ఉండేది. వేగంలోనూ ఈ బండ్లు తక్కువ తినలేదు. 1899లో బెల్జియం వాడు కామీ జెనాట్జీ తూటా ఆకారంలో ఉన్న విద్యుత్ కారును గంటకు 105 కిలోమీటర్లకు పైగా పరుగెత్తించాడు. నేల మీద నూరు కిలోమీటర్ల వేగం దాటిన మొదటి కారు అదే.

1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో ఆవిరివి 1,681, విద్యుత్తువి 1,575, పెట్రోలువి 936 మాత్రమే. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, పెట్రోలు గెలుపు ముందే రాసిపెట్టి ఉందనే నమ్మకం నిలవదు. మన దగ్గరా పోటీలో పెట్రోలు ఒక్కటే లేదు. మద్రాసు సింప్సన్ కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో తయారుచేసింది ఆవిరి కారు.

థామస్ ఎడిసన్ సీసాన్ని వదిలించుకోవాలని ఏళ్ల తరబడి శ్రమించాడు. నికెల్, ఇనుము పలకలతో, ఆమ్లం బదులు క్షారంతో బ్యాటరీ చేశాడు. 1904 నాటికి అమ్మినవి కారడం మొదలైతే వాటిని వెనక్కి తీసుకున్నాడు. 1910 ప్రాంతంలో గట్టి బ్యాటరీతో తిరిగొచ్చాడు. అది ఏళ్ల తరబడి మన్నింది, కానీ ధర ఎక్కువ, చలిలో నీరసం. అప్పటికే పోటీ తేలిపోతోంది. 1912లో అమెరికాలో విద్యుత్ కారు ధర 1,750 డాలర్లు ఉంటే, పెట్రోలు కారు 650 డాలర్లకు వచ్చేది. అదే ఏడు చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టర్ కాడిలాక్ కారులోకి వచ్చింది. పెట్రోలు ఇంజనును కదిలించడానికి చేత్తో హ్యాండిల్ తిప్పే బాధ పోవడంతో విద్యుత్ కారుకున్న పెద్ద ఆకర్షణ పోయింది.

సెల్ఫ్ స్టార్టరే విద్యుత్ కారును చంపిందని చాలా పుస్తకాలు రాస్తాయి. ఆ మాటతో నేను ఏకీభవించలేను. హెన్రీ ఫోర్డ్ 1908లో తెచ్చిన మోడల్ టి అమ్ముడైంది ఎక్కువగా రైతులకు, చిన్న ఊళ్ల జనానికి. వాళ్ల ఇళ్లలో కరెంటు లేదు. కానీ అంగట్లో పెట్రోలు డబ్బా దొరికేది. డబ్బాను ఎడ్లబండి మీదైనా, పడవలోనైనా ఏ పల్లెకైనా చేర్చవచ్చు. ఆనాటి తడ సంగతి తీసుకోండి. బకింగ్‌హామ్ కాలువ మీద ఉప్పు, కట్టెలు వేసుకుని పడవలు మద్రాసుకు పోయేవి. ఆ దారిలో డబ్బాడు పెట్రోలు వచ్చి చేరుతుంది. కరెంటు మాత్రం పడవెక్కి రాదు. దానికి స్తంభాలు కావాలి, తీగ కావాలి, ఎక్కడో ఒక విద్యుత్ కేంద్రం కావాలి. పల్లెకు అవన్నీ రావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. ఈ లోపల కారంటే పెట్రోలు కారే అనే ఆలోచన లోకంలో గట్టిపడిపోయింది.

తర్వాతి కథ చాలాకాలం చప్పగానే సాగింది. బ్రిటన్‌లో పాలబండ్లు మాత్రం బ్యాటరీల మీదే నడిచాయి, ఎందుకంటే వాటి దారి చిన్నది, తెల్లారేసరికి డిపోకు తిరిగి చేరతాయి. మన దేశంలో 1980ల్లో భెల్ సంస్థ విద్యుత్ వ్యాన్లు చేసింది. 1993లో లవ్‌బర్డ్ అనే చిన్న కారు ఢిల్లీ ప్రదర్శనలో కనిపించింది. 2001లో బెంగళూరు నుంచి చేతన్ మైనీ రేవాను తెచ్చాడు. అందులో ఉన్నవి ఎనిమిది సీసపు బ్యాటరీలే. ఒకసారి చార్జి చేస్తే 80 కిలోమీటర్లు. చెన్నైలో బయల్దేరితే మళ్లీ తడ దాకానే. తొంభై ఏళ్ల తర్వాత కూడా సీసం గీసిన గీత అక్కడే ఉంది. సీసపు బ్యాటరీల తయారీలో మన ప్రాంతం చిన్నదేమీ కాదు. 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా తిరుపతి దగ్గర కరకంబాడిలో పెరిగింది. ఎడిసన్ పట్టుకున్న నికెల్ దారిలో హైదరాబాదు హెచ్‌బీఎల్ రైళ్లకు నికెల్–కాడ్మియం బ్యాటరీలు చేసింది. కార్లకు మాత్రం లిథియం వచ్చేదాకా ఆ గీత చెరగలేదు.

ఇక కరెంటు దగ్గరికే బండిని కట్టేసే రెండో దారికొస్తే, తడను ఆనుకునే ఉన్న శ్రీసిటీలో ఆల్‌స్టామ్ కర్మాగారం మెట్రో రైలు పెట్టెలు తయారుచేస్తోంది. 2015 జూన్ 29న మొదలైన చెన్నై మెట్రోకు ఆ సంస్థ ఇచ్చిన 42 రైళ్లలో తొమ్మిది బ్రెజిల్ నుంచి వస్తే, మిగతా 33 ఇక్కడ తయారైనవే. ఆస్ట్రేలియాలో 2019లో మొదలైన సిడ్నీ మెట్రోకు, డ్రైవరు లేకుండా నడిచే 22 రైళ్లు ఇక్కడి నుంచే వెళ్లాయి. కొచ్చి మెట్రోకు 25 రైళ్లు కూడా ఇక్కడివే. చెన్నై రైలు తలమీది తీగ నుంచి 25,000 వోల్టుల కరెంటు తీసుకుంటుంది. కొచ్చి రైలుకు తలమీద తీగ లేదు. పట్టాల పక్కనే కింద వేసిన మూడో కడ్డీ నుంచి 750 వోల్టుల కరెంటు అందుకుంటుంది. కేరళ వాన మద్రాసు వానకు తీసిపోదు. అయినా ఆ కడ్డీ నేలలో తవ్విన గాడిలో లేదు. స్తంభాల మీద ఎత్తున కట్టిన వంతెన మీద ఉంది. నీరు దానిమీద నిలవకుండా కిందికి జారిపోతుంది.