తపాలాలో వెళ్లిన కలువ దుంపలు

పెరటి కొలనులో రంగురంగుల కలువలను పెంచే అలవాటు యూరప్‌లో అంత పాతది కాదు. అక్కడి చలికి తట్టుకొని ఆరుబయట బతికే కలువ 19వ శతాబ్దపు చివరి పాతికేళ్ల వరకు దాదాపుగా తెల్లనిది ఒక్కటే కాగా, ఉష్ణమండలపు ఎర్ర, నీలి కలువలు సంపన్నుల గాజు గృహాలలో, అంటే వెచ్చబరచిన అద్దాల మొక్కశాలలలో మాత్రమే పూచేవి. విత్తనాన్ని చేరవేయడమూ సులువు కాదు. అమెజాన్ మహాకలువ విత్తనం ఎండితే చచ్చిపోతుంది కనుక దానిని 1849లో గయానా నుంచి లండన్ సమీపంలోని క్యూ ఉద్యానానికి నీరు నింపిన సీసాలలో పంపవలసి వచ్చింది.

ఈ పరిస్థితిని మార్చినవాడు ఫ్రాన్స్‌లోని తెంప్ల్-సుర్-లో గ్రామానికి చెందిన జోసెఫ్ బోరీ లాతూర్-మార్లియాక్ (1830–1911). 1875లో నర్సరీ పెట్టిన ఆయన, యూరప్ తెల్లకలువను మెక్సికో పసుపు కలువ వంటి జాతులతో సంకరం చేసి, అంటే ఒకదాని పుప్పొడిని మరొకదాని కీలాగ్రంపై చల్లి, చలిని ఓర్చే పసుపు, గులాబి, ఎరుపు రకాలను సృష్టించాడు. తన పద్ధతిని ఆయన గుట్టుగానే ఉంచాడు. అయితే వ్యాపారాన్ని కాపాడింది ఆ గోప్యత కన్నా మొక్క స్వభావమేనని చెప్పాలి: ఈ సంకరాలలో అధికభాగం విత్తు కట్టని గొడ్డు మొక్కలు కావడంతో, కొత్త మొక్క కావాలంటే దుంపను, అనగా బురదలో అడ్డంగా పాకే లావుపాటి కాండాన్ని, ముక్కలు చేసి నాటడమే మార్గం, ఆ దుంపలు మొదట ఆయన దగ్గరే ఉండేవి. పైగా తడి ఆరకుండా చూస్తే నిద్రావస్థలోని దుంప నీటి బయట కొన్ని రోజులు బతుకుతుంది కనుక, ఉత్తరం రాసి తెప్పించుకొనే సరుకుగా దానికి మించినది లేదు.

ఆ రకాలను 1889 నాటి పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఉంచారు. చిత్రకారుడు క్లోద్ మోనే జివెర్నీలో కొలను కోసం 1893లో స్థలం కొన్నప్పుడు, ఆ వింత మొక్కలు నీటిని విషమయం చేస్తాయని ఊరివారు భయపడగా, ఆయన జిల్లా పాలనాధికారికి విజ్ఞప్తి చేసుకొని అనుమతి పొందాడు. మరుసటి ఏడాది మార్లియాక్‌కు ఆర్డరు పంపాడు. సుమారు 250 కలువ చిత్రాలకు మూలం ఆ కొలనే.

అమెరికాలో తపాలా శాఖ 4 పౌండ్ల పరిమితిని సడలించి 1913 జనవరి 1న పార్సిల్ సేవను ప్రారంభించాక, తడి సరుకును సాధారణ గృహస్థు ఇంటికి పంపడం తేలికైంది. మేరీలాండ్‌లో గోల్డ్‌ఫిష్‌ను, కలువలను పెంచి అమ్మిన ఒక క్షేత్రానికి ఉత్తరాలు వెల్లువెత్తడంతో దానికి ప్రత్యేకంగా తపాలా కార్యాలయమే ఏర్పడి, గాయని లిలీ పోన్స్ పేరిట లిలీపాన్స్ అని పిలువబడింది.

అలంకారపు నీటిమొక్కలన్నీ ఇంత సాధువైనవి కావు. గుర్రపుడెక్క కూడా పూల అందం కోసం దక్షిణ అమెరికా నుంచి దేశాలు దాటి వచ్చినదే. కలువ సంకరాల వలె అది ఒకచోట కుదురుగా ఉండక, పిలకలు వేస్తూ నీటిపై తేలి పాకి బెంగాల్ జలమార్గాలను మూసివేయగా, 1936లో దాని నిర్మూలనకు అక్కడ చట్టమే చేయవలసి వచ్చింది. కొల్లేరును, హుస్సేన్‌సాగర్‌ను నేటికీ వేధిస్తున్నది ఆ మొక్కే.