మెంతులు – కొలెస్ట్రాల్ పరిశోధన (హైదరాబాద్)

రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గించే మొక్కల కోసం సాగిన అన్వేషణలో హైదరాబాద్ వాటా ప్రధానంగా మెంతులది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1980, 90 దశకాల్లో ఈ గింజలను జంతువులపైనా, రోగులపైనా పరీక్షించారు.

నేపథ్యం

1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధనతో మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు పొందింది. ఆహారాన్నే ప్రధానంగా పరిశోధించే సంస్థ కావడంతో మెంతులను మందు దినుసుగా కాక రోజూ భోజనంలో కలిసే పదార్థంగా చూసింది. పోపులో, ఆవకాయలో చిటికెడు పడే మెంతులు మోతాదు పెరిగితే ఏం చేస్తాయన్నది ప్రశ్న.

ప్రయోగాలు

1984లో ఆర్.డి.శర్మ ఎలుకలపై చేసిన ప్రయోగంలో మెంతులు కొలెస్ట్రాల్‌ను తగ్గించాయి. అదే ఏడాది ఫ్రాన్స్ పరిశోధకులు కుక్కలపై గింజలోని భాగాలను విడివిడిగా పరీక్షించారు. నూనె భాగం పనిచేయలేదు. నూనె తీశాక మిగిలిన పిండి పనిచేసింది.

శర్మ, టి.సి.రఘురామ్, ఎన్.ఎస్.రావు 1990లో ప్రచురించిన అధ్యయనంలో టైప్-1 మధుమేహ రోగులకు నూనె తీసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు, రెండు పూటల భోజనంలో కలిపి, 10 రోజులు పెట్టారు. మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు తగ్గాయి, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) మారలేదు. తర్వాతి అధ్యయనాల్లో మోతాదును 25 గ్రాములకు తగ్గించి, ఎక్కువ కాలం పరిశీలించారు.

పనిచేసే తీరు

మెంతుల్లోని గెలాక్టోమానన్ అనే జిగురు పీచు, సాపోనిన్లు పేగుల్లో పైత్యరస ఆమ్లాలను పట్టి ఉంచి మలంతో బయటికి పంపుతాయని భావిస్తున్నారు. ఆ లోటు పూడ్చడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది.

గుగ్గులు దారి

మెంతులను ఆహారంగానే పరీక్షించగా, సారం తీసి మాత్రగా మార్చే ప్రయత్నం గుగ్గులు అనే చెట్టు బంకతో జరిగింది. 1966లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి.సత్యవతి సమర్పించిన సిద్ధాంత వ్యాసం దీనికి నాంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ గుగ్గులు సారాన్ని గుగులిపిడ్ అనే మందుగా అభివృద్ధి చేయగా, అది 1980ల చివర్లో మార్కెట్‌లోకి వచ్చింది. 2003లో అమెరికాలో 103 మందిపై చేసిన 8 వారాల గుగ్గులు పరీక్షలో మాత్రం ఎల్‌డీఎల్ తగ్గకపోగా కొద్దిగా పెరిగింది.

పరిమితులు

మెంతుల అధ్యయనాల్లో రోగుల సంఖ్య తక్కువ, వ్యవధి స్వల్పం. వాడిన మోతాదు వంటింటి చిటికెడుకు చాలా రెట్లు. చేదు, కడుపుబ్బరం, విరేచనాలు ఇబ్బంది పెడతాయి. షుగర్ మాత్రలు, రక్తం పలుచబరిచే మందులు వాడేవారు వైద్యుడిని అడగాలి. గుండెపోటు ముప్పును తగ్గించినట్టు పెద్ద పరీక్షల్లో రుజువైన స్టాటిన్ మందులకు మెంతులు ప్రత్యామ్నాయం కావు. పీచు ఉన్న పిండితో చేసిన ఈ పరిశోధన ఫలితాలు, పీచు తీసేసిన మెంతి సారం గుళికలకు వర్తించవు.