మలపేగు క్యాన్సర్ ఆపరేషన్: రెండు వందల ఏళ్ళ చరిత్ర



ఈసారి రాసేది మన ఇళ్ళల్లో నలుగురిలో మాట్లాడుకోని సంగతి. పెద్దపేగు చివరి భాగంలో వచ్చే క్యాన్సర్ గురించి. తెలుగు పత్రికల్లో ఆ భాగాన్ని పురీషనాళం అంటున్నారు. నేను చదివింది తమిళ మీడియం, అక్కడ దాన్ని మలక్కుడల్ అంటారు. అందరికీ అర్థమవుతుందని ఇక్కడ మలపేగు అనే రాస్తున్నాను.

మన మద్రాసుకూ ఈ జబ్బుకూ పాత సంబంధం ఉంది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు దేవదాసీ పద్ధతి మీద చేసిన పోరాటం మనందరికీ తెలుసు. ఆమె చెల్లెలు 1923లో ఈ మలపేగు క్యాన్సర్‌తోనే చనిపోయారు. ఆ దుఃఖాన్ని ఆమె మరచిపోలేదు. 1952లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది. అంటే ఆ చెల్లెలు పోయిన ముప్పై ఏళ్ళకు.

అసలు 1923 నాటికి ఈ జబ్బుకు లోకంలో ఏ వైద్యం ఉండేది? పారిస్‌లో లిస్‌ఫ్రాంక్ అనే సర్జన్ 1826లో మొదటిసారి మలద్వారం వైపు నుంచి ఈ గడ్డను కోసి తీశాడు. అప్పటికి మత్తుమందు కూడా లేదు. తర్వాత ఎనభై ఏళ్ళు చాలామంది అదే దారిలో వెళ్ళారు. లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్ తాను అలా చేసిన 57 మందిని లెక్క చూసుకుంటే 54 మందికి జబ్బు మళ్ళీ వచ్చింది. జబ్బు పైకి కూడా పాకుతోందని గ్రహించి, 1908లో ఆయన కొత్త పద్ధతి ప్రకటించాడు. పొట్ట వైపు నుంచీ కింద నుంచీ కోసి, మలపేగునూ మలద్వారాన్నీ పూర్తిగా తీసేయడం. ఆపరేషన్‌లోనే చనిపోయేవాళ్ళు ఎక్కువగా ఉండేవారు. బతికినవాళ్ళకు పొట్ట మీద పెట్టిన రంధ్రమే జీవితాంతం మలద్వారం. దీన్నే స్టోమా అంటారు.

ఆ రోజుల్లో ప్రశ్న ఒక్కటే: మనిషి బతుకుతాడా? ఎలా బతుకుతాడని అడిగే స్థితి లేదు. స్టోమాకు సరైన సంచి కూడా ఉండేది కాదు. వాసనకు భయపడి జనం ఇల్లు కదిలేవారు కాదు. డెన్మార్క్‌లో ఎలీస్ సోరెన్సెన్ అనే నర్సు, ఆపరేషన్ అయిన తన చెల్లెలు థోరా అలా ఇంట్లోనే ఉండిపోవడం చూసి, 1954లో ఒంటికి అతుక్కునే ప్లాస్టిక్ సంచిని ఆలోచించింది. ఆమె పెద్ద సర్జనేమీ కాదు, చెల్లెలి కష్టం చూసిన అక్క. అడయార్ ఆసుపత్రి మొదలైందీ ఆ ఏడాదే.

ఇటు సర్జన్లు మలద్వారాన్ని కాపాడే దారి వెతికారు. అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన క్లాడ్ డిక్సన్, గడ్డ కాస్త పైన ఉంటే దాన్ని తీసి పేగు రెండు కొసలనూ కలపవచ్చని చాలామంది రోగుల మీద చేసి 1948లో చూపించాడు. తర్వాత కుట్టు మెషిన్లు, అంటే స్టేప్లర్లు వచ్చాక ఇంకా కిందికి కూడా అతకడం వీలైంది.

ఇంగ్లాండులో బేసింగ్‌స్టోక్ అనే ఊళ్ళో బిల్ హీల్డ్ 1982లో ఇంకో ముఖ్యమైన మాట చెప్పాడు. మలపేగు చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. దాన్ని చింపకుండా, పేగుతో పాటు పొట్లంలా మొత్తంగా తీస్తే జబ్బు అక్కడే తిరిగి రావడం బాగా తగ్గుతుందని. మూత్రానికీ దాంపత్యానికీ పనికొచ్చే నరాలు ఆ పొరకు సరిగ్గా బయట ఉంటాయి. పొర వెంబడి జాగ్రత్తగా వెళ్తే అవి కూడా మిగులుతాయి. జపాన్ సర్జన్లు ఆ నరాలను కాపాడే పద్ధతి మీద విడిగా చాలా కృషి చేశారు.

ఇక చిన్న రంధ్రాల ఆపరేషన్. పిత్తాశయాన్ని ఇలా మొదట తీసింది జర్మనీలో, 1985లో. మన దేశంలో 1990లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో ఉద్వాడియా గారు చేశారు. కొద్దికాలానికే పేగులకూ వచ్చింది. కానీ మలపేగు ఉండేది ఇరుకైన కటి ఎముకల మధ్య, పని కష్టం. బ్రిటన్‌లో 794 మంది మీద జరిగిన క్లాసిక్ అనే పరీక్ష ఫలితం 2005లో వచ్చింది. అందులో మలపేగుకు ల్యాప్రోస్కోపీ మొదలుపెట్టినవాళ్ళలో మూడింట ఒక వంతు మందికి మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చింది. 2015లో 1044 మంది మీద కలర్-2 ఫలితం వచ్చింది. మూడేళ్ళలో జబ్బు అక్కడే తిరిగి రావడం రెండు పద్ధతుల్లోనూ నూటికి 5. చిన్న రంధ్రాలవాళ్ళకు రక్తం తక్కువ పోయింది, ఒక రోజు ముందే ఇంటికి వెళ్ళారు. కానీ నెలలు గడిచాక జీవితం ఎలా ఉందని అడిగితే రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. 2017లో రోబోట్ పరీక్షలో కూడా మూత్రం, దాంపత్య విషయాల్లో మామూలు ల్యాప్రోస్కోపీ కంటే మేలు తేలలేదు.

మనకు తెలియాల్సింది ఇదే. బయట కోత చిన్నదయితే లోపల కోత చిన్నది కాదు. తర్వాతి బతుకును నిర్ణయించేది గడ్డ ఎంత కింద ఉంది, నరాలు మిగిలాయా, రేడియేషన్ ఇచ్చారా, చేసినవారి చేయి ఎంత అలవాటైనది అన్నవే. పేగు అతికించినవాళ్ళలో చాలామందికి రోజుకు చాలాసార్లు వెళ్ళాల్సి రావడం, ఆపుకోలేకపోవడం ఉంటాయి. దీన్ని కొలవడానికి డెన్మార్క్ వైద్యులు 2012లో ఐదు ప్రశ్నల పట్టిక తయారు చేశారు. పేరు లార్స్ స్కోరు. 30 గానీ అంతకు మించి గానీ వస్తే ఇబ్బంది ఎక్కువని లెక్క. సంచి లేకపోవడమే సుఖం అని మనం అనుకుంటాం గానీ, కొంతమందికి సంచితోనే నిశ్చింత ఎక్కువ.

బ్రెజిల్‌లో హాబ్ర్-గామా అనే డాక్టరమ్మ 2004లో మరో దారి చూపింది. రేడియేషన్, మందులతో గడ్డ పూర్తిగా కరిగిపోయిన 71 మందికి ఆపరేషన్ చేయకుండా కనిపెట్టి చూసింది. అందరికీ కుదరదు, తరచూ పరీక్షలు తప్పవు. కానీ అడగదగ్గ ప్రశ్నే.

అందుకే ఆపరేషన్‌కు ముందు డాక్టరును అడగండి: గడ్డ మలద్వారానికి ఎన్ని సెంటీమీటర్ల పైన ఉంది? బిగించే కండరం మిగులుతుందా? సంచి కొన్నాళ్ళకా, ఎప్పటికీనా? మూత్రం, దాంపత్యం సంగతేమిటి? ఇలాంటివి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? రోబోటా కాదా అన్నది వీటి తర్వాత అడగండి.

మల విసర్జనలో రక్తం పడితే మొలలని మనమే తీర్పు చెప్పుకుని నెలలు దాటించవద్దు. డాక్టరు వేలితో చూసే పరీక్ష ఒక్క నిమిషం పని. సంచి ఉన్నవాళ్ళు పెళ్ళికో పండగకో రావడానికి సిగ్గుపడనక్కర్లేదు. మా రైల్వే రాయితీ జాబితాలో క్యాన్సర్ రోగులతో పాటు స్టోమా ఉన్నవారికీ విడిగా ఒక వరుస ఉంది. వాళ్ళూ ప్రయాణం చేస్తారని రైల్వే ఏనాడో ఒప్పుకుంది. మన సంఘం కూడా వాళ్ళ కోసం ఒక కుర్చీ వేసి ఉంచాలి.