కుర్చీల వారసత్వం

ఒక ప్రభుత్వ కార్యాలయం మూతబడినప్పుడు అందులోని బల్లలు, కుర్చీలు, బీరువాలు ఏమవుతాయన్న ప్రశ్న మన చరిత్రకారులు సాధారణంగా వేయరు. సంస్థానం కూలిన తేదీ వ్రాస్తారు, రాష్ట్రాల యెల్లలు వివరిస్తారు. ఆ యెల్లల లోపల కూర్చుని సంతకాలు చేసిన ఆసనాల సంగతి గుమాస్తాకు వదలివేస్తారు. వికారాబాదు, తాండూరు ప్రాంతాల గత డెబ్బైయైదేళ్ల చరిత్రను ఆ గుమాస్తా చిట్టా వైపు నుంచి చదవటం నిష్ప్రయోజనం కాదు. ఇక్కడ కచ్చేరీలు మారినన్ని సార్లు బహుశా పంటలు కూడా మారలేదు.

మొదట మాటల సంగతి చూద్దాం. రైతు ఇంట వుండినవి పీట, మంచం, మహా అయితే ఒక బల్ల. కుర్చీ అరబ్బీ నుంచి వచ్చిన మాట. అల్మరా పోర్చుగీసు వారి పుణ్యం. బీరువా అన్నది ‘బ్యూరో’కు మనం తొడిగిన తెలుగు చొక్కా అంటారు. వస్తువూ దాని పేరూ రెండూ అధికారి వెంబడే ఊళ్లోకి దిగినాయన్న మాట. దొర గడీలో, పటేలు ముంగిట చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడవలసిన తెలంగాణా రైతుకు, కూలికి, కుర్చీ అంటే కలపా మేకులూ కాదు. కూర్చునేవాడెవడో నిలబడేవాడెవడో తేల్చి చెప్పే సరిహద్దురాయి.

వికారాబాదుకు ఆ పేరు పాయెగా అమీరు, నైజాము దివాను అయిన వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది. 1874లో సికింద్రాబాదు నుంచి వాడీ వరకు పడిన రైలుమార్గం మీదనే వికారాబాదూ తాండూరూ రెండూ వున్నవి. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనం అమలులోకి రాగా, సంస్థానపు భూమిలో సుమారు 30 శాతం మీద జాగీరుదార్ల పెత్తనం చట్టరీత్యా ముగిసింది. జాగీరు కచ్చేరీల పని సర్కారుకు సంక్రమించింది. అమీర్ల సొంత సామానుకు మాత్రం దిగులు లేదు. అదే వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమాలో నూటొక్కమంది ఒక్క పంక్తిన కూర్చునే భోజనపు బల్ల నేడు నక్షత్రాల హోటలులో అతిథులను ఆహ్వానిస్తూనే వున్నది. మంచి కలపకు మంచి సంబంధమే కుదిరింది!

తాండూరు కథ మరింత విచిత్రం. 1956 అక్టోబరు 31 రాత్రి వరకు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోది. మర్నాడు హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలై ఆంధ్రప్రదేశ్, మైసూరు, బొంబాయి రాష్ట్రాలలో కలిసింది. గుల్బర్గా మైసూరుకు పోయింది, తాండూరు తెలుగు రాష్ట్రానికి వచ్చింది. ప్రభుత్వ భూములూ సామానూ స్థూలంగా ఏ గడ్డ మీద వుంటే ఆ గడ్డ దక్కిన రాష్ట్రానికే చెందుతవని పునర్విభజన చట్టం నిర్దేశించింది. అంటే తాండూరు తహశీలు కచ్చేరీలో కుర్చీ అంగుళం కదలకుండానే రాష్ట్రం మారింది! దాని ముందు నిలబడిన రైతు కూడా కదలలేదు. అయితే కుర్చీకి వారసుడెవరో చట్టంలో వ్రాసి వున్నది. రక్షిత కౌలుదారుకు 1950 కౌలుదారీ చట్టం యిచ్చిన హక్కు మాత్రం కాగితం నుంచి పొలానికి చేరటానికి యేళ్లు పట్టింది, చాలామందికి చేరనేలేదు.

ఇక్కడ ఒక మినహాయింపు గమనించాలి. పట్వారీకి కార్యాలయమంటూ ప్రత్యేకంగా లేదు. వాని ఇల్లే కార్యాలయం, సర్కారు లెక్కల దస్త్రాలు వాని సందుగులోనే. ప్రజల భూమి చరిత్ర ఒక కుటుంబపు మేజోడు సామానుతో కలిసి తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించేది. 1984 జనవరిలో పటేలు పట్వారీ పదవులు రద్దయినవి. దస్త్రాలు ఇంటి గడప దాటి బయటికి రావలసి వచ్చింది. తెలంగాణా పల్లెలో భూస్వామ్యపు వెన్నెముక మీద పడిన దెబ్బలలో ఇదొకటి అనటం అతిశయోక్తి కాదు, దాని వెనుక ఎన్నికల లెక్కలు ఎన్ని వున్నా సరే. మరుసటి యేడు, 1985లో, తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. ఒక పెద్ద కచ్చేరీ స్థానంలో అనేక చిన్న కచ్చేరీలు వెలిశాయి; ఒక్కొక్క దానికీ మళ్లీ బల్లలు, బీరువాలు కావలసి వచ్చినవి.

ఈలోగా 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. దాని కలెక్టరు కచ్చేరీ అప్పట్లో జిల్లాలో వుండేది కాదు, హైదరాబాదు నగరంలో లక్డీకాపూల్‌లో వుండేది. తాండూరు మనిషి అర్జీ యివ్వటానికి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, తన జిల్లా దాటి పోయి, తన జిల్లా అధికారిని చూడవలసి వచ్చేది. 2016 అక్టోబరు 11న తెలంగాణాలో పది జిల్లాలు ముప్పైయొకటి అయినప్పుడు వికారాబాదు జిల్లా కేంద్రమయింది, తాండూరు రెవిన్యూ డివిజను అయింది. 125 కొత్త మండలాలు కూడా అప్పుడే వచ్చినవి. ఫైళ్లు, సిబ్బంది, సామాను పంచుకున్నారు. 2022 ఆగస్టు 16న వికారాబాదులో సమీకృత కలెక్టరేటు ప్రారంభమయింది. అర్జీదారుకు దూరం తగ్గింది. ఇది మేలే, కాదనరాదు.

సామానును పంచినట్లే మనుషులను పంచటం కూడా ఈ కాలంలోనే చూశాము. 2020 సెప్టెంబరు 7న గ్రామ రెవిన్యూ అధికారుల దగ్గరి దస్త్రాలను ఒక్క పూటలో స్వాధీనం చేసుకుని, ఆ పదవినే రద్దు చేశారు. తర్వాత దాదాపు రెండేళ్లు వారికి నిశ్చితమైన శాఖ లేదు. 2022లో చీట్లు తీసి ఇతర శాఖలకు కేటాయించారు. వారిలో లంచగొండులు లేరని ఎవరూ అనరు. కాని ఒక ఉద్యోగిని పాత బీరువాలాగా ఎవరి వాటాకు వస్తే వారికి అప్పగించటాన్ని పరిపాలనా సంస్కరణ అనటానికి నోరు రాదు.

మరి నిజమైన బీరువాల గతి యేమిటి? కార్యాలయపు పద్ధతి ప్రకారం విరిగిన వస్తువు స్టాకు రిజిస్టరులో ‘నిరుపయోగం’ అనిపించుకోవాలి, తనిఖీ జరగాలి, ధర కట్టాలి, ఆపైన హర్రాజు. అందాకా వరండాలో, మెట్ల కింద ఒకదాని మీదొకటి పేర్చి వుంటాయి. వర్షం పని వర్షం చేస్తుంది, చెదలు పని చెదలు చేస్తుంది. పాట నాటికి ఇనుము తూకానికి, కలప వంటచెరకుకు. సంతకం పెట్టటానికి భయపడే గుమాస్తాను నేను తప్పు పట్టను; ఒక కుర్చీ లెక్క తేలకపోతే పింఛను ఆగేది అతనిదే, కలెక్టరుది కాదు.

అదే కాలంలో, 2022 మార్చిలో, ‘మన ఊరు మన బడి’ పథకం మొదలయింది. 26,065 పాఠశాలలకు మూడేళ్లలో రూ. 7,289 కోట్లు, మొదటి విడతలో 9,123 పాఠశాలలు. చేపట్టిన 12 పనులలో ఫర్నిచరు ఒకటి. స్వాతంత్ర్యం వచ్చి ముప్పావు శతాబ్దం గడిచాక కూడా బడిపిల్లలకు, పంతుళ్లకు బల్లలు సమకూర్చవలసే వున్నదని ప్రభుత్వమే ఒప్పుకున్న లెక్క ఇది. తాండూరు గనుల నాపరాయి ఎక్కడెక్కడి ఇళ్లకో పోతుంది. ఆ గనులలో బండ కొట్టేవారి పిల్లలు బడిలో కూర్చున్నది కూడా అటువంటి బండ పరుపు మీదనే.

కచ్చేరీ కుర్చీ అయిదేళ్ల పిల్లవానికి సరిపోదన్న ఆక్షేపణ వున్నది. సరిపోదు. కాని పంతులుకు సరిపోతుంది, ఉన్నత పాఠశాల విద్యార్థికి సరిపోతుంది, ఊరి గ్రంథాలయానికి బీరువా సరిపోతుంది. పొడుగు బల్ల కాళ్లు ఒక జానెడు కోస్తే చిన్నపిల్లల బల్ల అవుతుంది, దానికి కావలసింది వడ్రంగికి ఒక పూట కూలి. కార్యాలయాలు తరలే ముందే, వస్తువు చెడక ముందే, ఏ బడికి ఏమి కావాలో జాబితా తెప్పించి, ఆ ప్రకారం బదిలీ చేసి, రెండు రిజిస్టర్లలోనూ ఒకే రోజున సంతకాలు తీసుకోవచ్చు. జిల్లాలు విడదీసిన నాడు ఒక కచ్చేరీ సామాను మరొక కచ్చేరీకి చేర్చిన యంత్రాంగం ఇదే. వికారాబాదు కలెక్టరేటు ఒకే ఆవరణలోకి చేరినందువల్ల విద్యాశాఖ అధికారి గది నుంచి రెవిన్యూ గదికి నడక కొన్ని నిమిషాలే.