దులీప్ ట్రోఫీ 2024–25

దులీప్ ట్రోఫీ 2024–25 భారత దేశవాళీ ఫస్ట్‌క్లాస్ క్రికెట్ పోటీ. 2024 సెప్టెంబరు 5 నుంచి 22 వరకు జరిగింది. మొత్తం ఆరు మ్యాచ్‌లలో తొలి పోరు మాత్రమే బెంగళూరులో జరగ్గా, మిగిలిన ఐదింటికీ అనంతపురం ఆతిథ్యమిచ్చింది. కరవుసీమగా పేరుపడ్డ ఈ జిల్లాకు ఇది అరుదైన గౌరవం.

వేదిక: రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్‌డీటీ) క్రీడా ప్రాంగణం. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ సంస్థను నెలకొల్పారు. స్పెయిన్ టెన్నిస్ దిగ్గజం రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో ఇక్కడే గ్రామీణ పిల్లలకు టెన్నిస్ పాఠశాల తెరిచింది.

పద్ధతి: జోనల్ జట్లకు బదులు ఇండియా ఎ, బి, సి, డి జట్లు రౌండ్ రాబిన్ పద్ధతిలో తలపడ్డాయి. ఫైనల్ లేదు, పాయింట్లే విజేతను తేల్చాయి.

విశేషాలు: అనంతపురంలో తొలి మ్యాచ్‌లోనే స్పిన్నర్ మానవ్ సుతార్ 49 పరుగులకు 7 వికెట్లు తీసి ఇండియా సి‌ని గెలిపించాడు. ఇండియా బి‌పై అన్షుల్ కాంబోజ్ 69 పరుగులకు 8 వికెట్లు పడగొట్టాడు. హైదరాబాద్ ఆటగాడు తిలక్ వర్మ 111 పరుగులతో అజేయంగా నిలిచాడు. ఆంధ్ర బ్యాటర్ రికీ భుయ్ రెండు శతకాలు బాదాడు.

ముగింపు: చివరి మ్యాచ్ డ్రా అయినా ఇండియా సి‌కే ట్రోఫీ దక్కేది. 350 పరుగుల ఛేదనలో సాయి సుదర్శన్ 111 పరుగులతో పోరాడినా ఆ జట్టు 217కే ఆలౌటైంది. మయాంక్ అగర్వాల్ సారథ్యంలోని ఇండియా ఎ 132 పరుగుల తేడాతో గెలిచి, 12 పాయింట్లతో విజేతగా నిలిచింది.